తువ్వాల తీసిన చెయ్యి

నర్సింగం అడిగేది ఒక్కటే ప్రశ్న.

"నా తువ్వాల ఎవలు తీసిండ్రు?"

టీ బండి దగ్గర అడుగుతాడు. మంగలి దుకాణంలో గడ్డానికి నురుగు పెట్టించుకుని కదలలేక కూర్చున్నవాణ్ణి అడుగుతాడు. పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరివాణ్ణి అడుగుతాడు. సూరత్‌లోని గోడాదరాలో తెలుగువాళ్ళుండే గల్లీలన్నిటికీ ఆ ప్రశ్న తెలుసు. అతను దూరంగా కనబడితే చాలు, జనం తమ జవాబును నోట్లో సర్దుకుంటారు. జవాబంటే జవాబు కాదు. ఇంకో ప్రశ్న.

"అసలు ఏసినవా అన్నా నువ్వు?"

"ఇప్పుడెందుకే గా ముచ్చట?"

"చాయ్ తాగుతవా?"

అందరికంటే మర్యాదైనవాళ్ళు ఆ చివరిదే అడుగుతారు. నర్సింగం తాగుతాడు. గ్లాసును ఎడమ చేత్తో పట్టుకుంటాడు. కుడి చేతికి బొటనవేలుంది, చిటికెనవేలుంది. నడుమ ఖాళీ. ఎండలో చెయ్యెత్తితే ఆ ఖాళీలోంచి వెలుగు జారి ముఖం మీద పడుతుంది.

అతను సూరత్ వచ్చింది మీసాలు రాకముందు, తండ్రి వెంట, సిరిసిల్ల నుంచి. ఉధ్నాలో రైలు దిగినప్పుడు మొదట విన్నది మనుషుల మాట కాదు, మగ్గాల మోత. ఊరంతా ఎక్కడో ఆగకుండా వాన పడుతున్నట్టు. ఆ వానలోనే పెద్దవాడయ్యాడు, పెళ్ళాడాడు, కూతుర్ని ఎత్తుకున్నాడు. మరమగ్గాన్ని ఇక్కడి తెలుగువాళ్ళు సాంచా అంటారు. సాంచాలు తిరిగే కార్ఖానాలో మాట వినపడదు. పక్కన నిలబడి అరిచినా గాలిలో నోరు కదలడమే కనిపిస్తుంది. అందుకని అక్కడ ముఖ్యమైన సంగతులు నోటితో చెప్పరు. చేతులతో చెబుతారు, కళ్ళతో చెబుతారు, ఒక్కటి మాత్రం తువ్వాలతో చెబుతారు.

సాంచా వెనక, కింద, పళ్ళ చక్రాల దగ్గర తెగిన దారం చుట్టుకుంటుంది. దాన్ని తియ్యాలంటే సాంచా ఆపి, వెనక్కి పోయి, వంగి, చెయ్యి లోపల పెట్టాలి. అలా వంగినవాడు ముందునుంచి వచ్చేవాడికి కనబడడు. ఆగిపోయిన సాంచా మాత్రం అందరికీ కనిపిస్తుంది. ఆగిన సాంచాను చూస్తే మాస్టరు తిడతాడు కాబట్టి, దాటిపోయే ఎవడైనా హ్యాండిలు ఎత్తి నడిపించి పోతాడు. అందుకే వంగేముందు హ్యాండిలు మీద భుజం తువ్వాల వేస్తారు. తువ్వాల ఉంటే వెనక మనిషున్నాడని. వేసినవాడే తియ్యాలి. సేటు కొడుకొచ్చినా దాన్ని ముట్టడు. ఎవరు పెట్టారో తెలియదు ఆ కట్టుబాటు. ఏ కాగితం మీదా లేదు. ఎందరి చేతులు పోయాక పుట్టిందో.

మిగతావాళ్ళు తువ్వాలను అలా విసిరేసేవాళ్ళు. నర్సింగం నిలువుగా మడిచి, హ్యాండిలు చుట్టూ తిప్పి, ఒక వదులు ముడి వేసేవాడు. ఎర్ర గళ్ళ తువ్వాల. చూసి కుర్రవాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏందన్నా, సాంచాకు తలపాగ కడుతున్నవా? పెండ్లికొడుకును చేస్తవా?"

"నీ చెయ్యి నీకు భారమైతే కట్టకు రా బిడ్డా," అనేవాడు నర్సింగం. నవ్వకుండా. పనిలో అతనికి ఆ ఒక్క గర్వం ఉండేది, పైలమైన మనిషి అని. కొత్తవాళ్ళను తీసుకొచ్చినప్పుడు మాస్టరు రాంప్రసాద్ అతన్నే చూపించేవాడు, నర్సింగం లెక్క పని చేయాలె అని.

ఆ రోజు రాత్రి షిఫ్టు అయిపోయింది. పగటివాళ్ళు వస్తున్నారు. చక్రాల్లో దారం చుట్టుకున్న సాంచాను తరవాతివాడికి అప్పగించి పోవడం అతనికి ఇష్టం లేదు. సాంచా ఆపాడు. తువ్వాల ముడి వేశాడు. వెనక్కి పోయి వంగాడు. కిటికీలోంచి పొద్దు లోపలికొస్తోంది, గాల్లో తేలే దారపు నూగు బంగారంలా మెరుస్తోంది. అది చూశాడు. అది చూసినట్టు ఇప్పటికీ గుర్తుంది. అంతలో సాంచా కదిలింది.

తరవాత గుర్తున్నవి ముక్కలు. తన అరుపు తనకే వినపడకపోవడం. ఎవరో స్విచ్చు తీసేయడం. బామ్మర్ది శివకృష్ణ ముఖం, మీదికి వంగి, ఏడుస్తూ. వాడూ అదే కార్ఖానాలో పక్క వరసలో పనిచేస్తాడు. బావ చేతికి వాడే గట్టిగా గుడ్డ చుట్టాడు. వాడే ఎత్తుకుని ఆటోలో వేశాడు. ఆసుపత్రిలో డాక్టరు పద్మజ తెలుగావిడే, కోస్తా వైపు నుంచి. రక్తంతో బరువెక్కిన గుడ్డ విప్పుతూ అడిగింది.

"ఎవరండీ ఇది కట్టింది? ఇంత బిగించి కట్టకపోతే ఈయన ఇక్కడిదాకా వచ్చేవాడు కాదు."

"నా బామ్మర్ది మేడం," అన్నాడు నర్సింగం. తరవాత, నాలుక తడుపుకుని, "ఏళ్ళు అతుకుతయా?" అన్నాడు.

డాక్టరు పద్మజ కాసేపు చేతినే చూసింది.

"మీకు పిల్లలెంతమంది?" అంది.

అప్పుడతనికి మొదటిసారి తెలిసింది, ప్రశ్న కూడా జవాబేనని.

గాయం మానాక కార్ఖానాకు పోయాడు. సాంచా నడపలేడు, ఆ సంగతి అతనికీ తెలుసు. పేక దారం చుట్టే పనో, బట్ట మడత పెట్టే పనో, ఏదైనా. రాంప్రసాద్ మాస్టరు కుర్చీ చూపించలేదు.

"నర్సన్నా, తువ్వాల ఎయ్యకుంట ఎందుకు వంగినవ్?"

"ఏసిన మాస్టర్ సాబ్. ముడేసిన. ఎవడో తీసిండు. ఎవలు తీసిండ్రు?"

"ఎవడు తీస్తడే? వేసినోడే తీస్తడని నీకెరుక లేదా?"

"గందుకే అడుగుతున్న."

రాంప్రసాద్ మాస్టరు బయటికి చూశాడు. పగటివేళ మోతలో ఇద్దరూ పెదాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. అతని పెదాలు నిదానంగా కదిలాయి.

"ఆ దినం తువ్వాల నీ చేతికే చుట్టి ఉండె. అందరం చూసినం. హ్యాండిలు మీది తువ్వాల ఎగిరొచ్చి నీ చేతికి చుట్టుకున్నదా?"

సేటు దగ్గరికీ పోయాడు. సేటు మంచిగానే మాట్లాడాడు. కాజుకత్లీ డబ్బా ముందుకు తోసి, లోపల చెయ్యి పెట్టమని నీకెవరైనా చెప్పారా అని హిందీలో అడిగాడు. అంతే.

పైవాడు ప్రశ్నకు ప్రశ్న ఇచ్చేది, జవాబు చెప్పాల్సిన అవసరం లేక. కిందివాడు ఇచ్చేది, జవాబు చెప్పే స్తోమతు లేక. చెవికి రెండూ ఒకేలా తగులుతాయి. నర్సింగం రెండు రకాలూ మోసుకుని ఇంటికొచ్చేవాడు.

పని పోయినందుకు కాదు అతని బాధ. కార్ఖానాలో కొత్తవాళ్ళకు ఇప్పటికీ అతన్నే చూపిస్తారు. మనిషిని కాదు, పేరును. "తువ్వాల ఏసి వంగు. నర్సింగం లెక్క చెయ్యకు," అంటారు. ముడివేసిన చేతికి ముడి వెయ్యనివాడన్న పేరు అంటుకుంది. కడిగితే పోవడానికి అది నూనె మరక కాదు. అడిగితే పోతుందనుకున్నాడు. ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ పొద్దున హ్యాండిలు మీద తువ్వాల ఉండెనని చెబితే చాలు.

అందుకే అడుగుతూ పోయాడు. ఊరి బయట జోల్వా కార్ఖానాలకు మారిపోయిన పాత జతగాళ్ళను వెతుక్కుంటూ పోయి మరీ అడిగాడు. ప్రశ్నలు తిరిగొచ్చాయి. ఎంతగా తిరిగొచ్చాయంటే, కొన్నాళ్ళకు అతని చేతులే అతన్ని అడగడం మొదలుపెట్టాయి. ముడి వేశావా? నిజంగా? ఆ రోజేనా, ముందురోజా? ఎడమ చేత్తో గాలిలో ముడి వేసి చూసుకునేవాడు. చెయ్యి గుర్తుపట్టేది. మనసు గుర్తుపట్టేది కాదు.

ఇంట్లో ఇప్పుడతను చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తాడు. గల్లీలో ఆడవాళ్ళు చేసే పని. భార్య వజ్రమ్మ చీరల అంచులకు రాళ్ళు అంటిస్తుంది, కూతురు సింధూజ కాలేజి లేనప్పుడు పక్కన కూర్చుంటుంది. బియ్యం, నూనె, సింధూజ చదువు, అన్నీ శివకృష్ణే చూస్తాడు. ఇంకా పెళ్ళి చేసుకోలేదు. సంబంధం మాట ఎత్తితే, "బావను మంచిగ కానియ్యిండ్రి," అంటాడు. పోయిన వేళ్ళు ఎప్పుడు మంచిగవుతాయో ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం పొద్దున తండ్రీ కూతురూ చీరలు ముందేసుకుని కూర్చున్నారు. వజ్రమ్మ వంటగదిలో ఉంది. సింధూజ సూరత్‌లోనే పుట్టిన పిల్ల. ఆమె మాటలో మూడు భాషలు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ నడుస్తాయి.

"బాపూ, ఒకటి చూసినవా? నువ్వు అడిగితే ఒక్కడు కూడ సీదా చెప్పడు. అందరిదీ ఉల్టా సవాలే."

"గదే కద బిడ్డా నేను మొత్తుకునేది."

"రాంప్రసాద్ అంకుల్ ఏమన్నడు మళ్ళ? తువ్వాల నీ చేతికే ఉండె అన్నడా?"

"ఆఁ."

"నీ చేతికి నువ్వే కట్టుకున్నవా?"

"పిచ్చిదానా, గా హాలత్‌ల ఎట్ల కట్టుకుంట? మీ మామ కట్టిండు. వాడు కట్టకుంటే ఇయ్యాల నీ ముందట నేను లేను."

సింధూజ రాయి అంటించబోతూ ఆగింది. జిగురు అంచు మీద చిన్న చుక్కై నిలిచింది.

"నువ్వు హ్యాండిలు మీద ఏసినవ్. మామ నీ చేతికి కట్టిండు. మరి నడుమల అది ఎవరి దగ్గరుంది బాపూ?"

కత్తెర ఆగింది.

నర్సింగానికి ఆ పొద్దు మళ్ళీ లోపలికొచ్చింది. నూగు మెరుస్తోంది. శివకృష్ణ మీదికి వంగుతున్నాడు. వాడి మెడ చుట్టూ ఎర్ర గళ్ళు. వాడు మెడలోంచి తువ్వాల లాగాడు. లాగినప్పుడు కనబడింది, ఒక కొసన మెలి తిరిగిన ముడత. వదులు ముడి విప్పితే బట్టలో మిగిలే ముడత. ఇంతకాలం ఆ చిత్రం కళ్ళ వెనకే ఉంది. రక్తం దాని మీద పరుచుకుంది, కృతజ్ఞత దాని మీద పరుచుకుంది. గోడాదరా అంతా తిరిగి అందరినీ అడిగాడు. ప్రాణం నిలిపిన చేతిని మాత్రం ఏనాడూ అడగలేదు.

"బాపూ?"

"నీకు ఇయ్యాల కాలేజి లేదా?" అన్నాడు.

"ఆదివారం కద," అంది సింధూజ. ఆ ఇంట్లో చాలా రోజులకు సూటిగా వచ్చిన జవాబు అదే. అంటూనే ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. అతను చూపు తిప్పుకుని లేచాడు.

వజ్రమ్మ ఉల్లిగడ్డలు కోస్తోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె వీపు చూస్తూ అడిగాడు.

"వజ్రా, గా తువ్వాల తీసింది నీ తమ్ముడేనా?"

కత్తిపీట మీద ఆమె చెయ్యి ఆగలేదు. ఒక గడ్డ అయిపోయింది. ఇంకొకటి తీసుకుంది.

"మటన్ తెస్తనన్నడు వాడు. జర ఉప్పెక్కువైతే తినవు కద నువ్వు?"

"నేనేమడుగుతున్న?"

"నేనేం జెయ్యాలె?" అంది వజ్రమ్మ. అప్పుడు తిరిగింది. కళ్ళలో నీళ్ళున్నాయి. ఉల్లిగడ్డలు కొయ్యకముందు నుంచీ ఉన్నాయేమోననిపించింది. "షిఫ్టు అయిపోయింది. ఆగిన సాంచాలను చూసి మాస్టర్ లొల్లి పెడుతుండు. హ్యాండిలుకు బావ తువ్వాల ఉన్నది. బావ మరిచిపోయి ఇంటికి పోయిండని ఎవలైనా అనుకోరా? మెడలేసుకుని, హ్యాండిలు ఎత్తడా?"

"వేసినోడే తియ్యాలె అని వానికెరుక లేదా?"

"ఆసుపత్రి మెట్ల మీద నా కాళ్ళు పట్టుకుని ఏడిసిండు. చెప్పుత అన్నడు. పోలీసులకు చెప్పుత, సేటుకు చెప్పుత అన్నడు. చెప్పనిస్తనా నేను? నాకు మొగడు ఒక్కడు, తమ్ముడు ఒక్కడు. ఎవల్ని కోసుకోమంటవ్?"

కూర గిన్నెలో నూనె కాగి పొగ లేస్తోంది. ఇద్దరిలో ఎవరూ మంట తగ్గించలేదు.

"నా పేరు పోయింది కదనే," అన్నాడు నర్సింగం. "కొత్త పోరగాండ్లకు నన్ను చూపెట్టి నవ్వుతున్నరు. నువ్వు ఎరిగుండి... అందర్నీ అడుక్కుంట తిరుగుతుంటే చూసుకుంట ఉన్నవా? ఎప్పటిసంది ఎరుక నీకు?"

వజ్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నీకెప్పటిసంది ఎరుక లేదు?" అంది.

ఆ మాట గదిలో ఉండిపోయింది. తలుపు తెరిచున్నా బయటికి పోలేదు. నర్సింగం దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అందరినీ అడిగినవాడు ఒక్కణ్ణి ఎందుకు వదిలేశాడు? వాడు ఎదురుగా కూర్చుని అన్నం తినే రోజుల్లో కూడా టీ బండి దగ్గరికి పోయి ఎందుకు అడిగాడు? జవాబు ఎక్కడుందో తెలిసిన మనిషి మాత్రమే అంత శ్రద్ధగా అది లేని చోట్లన్నీ వెతకగలడు.

మధ్యాహ్నం శివకృష్ణ మటన్ తెచ్చాడు. వజ్రమ్మ వండింది. నలుగురూ నేల మీద కూర్చున్నారు. ప్రతి ఆదివారం లాగే శివకృష్ణ ముందు బావ పళ్ళెం తన దగ్గరికి లాక్కున్నాడు. బొక్కలు లేని ముక్కలు ఏరి, అన్నంలో కలిపి, చెంచా పెట్టి, బావ ఎడమ చేతి వైపు తోశాడు. అమ్మ చేసే పని అది. గల్లీలో అందరూ చెప్పుకుంటారు, బామ్మర్దంటే గిట్లుండాలె అని. నర్సింగం ఆ వేళ్ళు చూశాడు. పొడుగ్గా, పూర్తిగా, నూనె కూరతో మెరుస్తూ. అవి తువ్వాల ముడి విప్పిన వేళ్ళు. తువ్వాల ముడి బిగించిన వేళ్ళు. ఆ రెంటికీ నడుమ తన మూడు వేళ్ళు.

ఒక్క మాట చాలు. ఇప్పుడు అడిగితే వాడు చెప్పేస్తాడు, వాడి మెడ నరాలు చెబుతున్నాయి. చెబితే రేపు కార్ఖానాలో తన పేరు కడిగిన బట్టలా తెల్లగా వస్తుంది. వాడి పేరు తన చోట వేలాడుతుంది. వాడు ఇక ఈ గుమ్మం ఎక్కడు. ఈ పళ్ళెంలో అన్నం ఎవరు కలుపుతారు? సింధూజ పుస్తకాలు? వజ్రమ్మ ఏ ముఖంతో ఎటు చూస్తుంది?

"బావా," అన్నాడు శివకృష్ణ. పళ్ళెంలోకే చూస్తున్నాడు. ముద్ద కలుపుతున్నాడు, ఎత్తడం లేదు. "పొద్దుగాల రాంప్రసాద్ మాస్టర్ కలిసిండు. నువ్వు ఇంకా గా తువ్వాల ముచ్చట ఇడిసిపెడ్తలేవంట. ఎవలు తీసిండ్రో ఎరుకైందా?"

వజ్రమ్మ గరిటె గిన్నె మీద ఆగిపోయింది. సింధూజ తండ్రినే చూస్తోంది. ఆమె పెదాలు కొద్దిగా విడివడి ఉన్నాయి, మోతలో ఎవరి మాటో చదవబోతున్నట్టు.

నర్సింగం చెంచా ఎత్తాడు.

"ఏ తువ్వాల?" అన్నాడు.

శివకృష్ణ తల ఎత్తలేదు. గరిటె మళ్ళీ కదిలింది. బావ పళ్ళెంలో ఇంకో ముక్క పడింది, మెత్తటిది, బొక్క లేనిది. సింధూజ తినకుండానే లేచి చెయ్యి కడుక్కోవడానికి పోయింది. నల్లా చాలాసేపు కారుతూనే ఉంది.